కొలత మనది, దారి మనది



కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే రోడ్డు మీద ఉంటుంది మా మాచారెడ్డి. నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పాను. ఆ ముప్పై ఏళ్లూ బడికి సైకిల్ మీదనే పోయాను. మొన్న దసరాకు దుబాయి నుంచి ఇంటికి తిరిగొచ్చిన మా అన్న కొడుకు నేరుగా నా దగ్గరికి రావడానికి కారణం అదే అనుకుంటాను.

"చిన్నాయనా, ఐదు లక్షలు పక్కకు పెట్టిన. మంచి రోడ్ సైకిల్ కొనుక్కుంట. ఏది కొనాల్నో చూద్దాం, నువ్వు నా పక్కన కూసో" అన్నాడు.

ఇంట్లో అందరూ ఒక్కసారిగా నోరు తెరిచారు. "సైకిల్‌కు ఐదు లక్షలా? ఆ పైసలకు బర్రెలొస్తయ్, దొడ్డి నిండుతది" అంది మా వదిన. ఆమె మాటలో తప్పు లేదు. మా ప్రాంతంలో గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు అరుదు. అక్కడి ఎండలో సంపాదించిన రూపాయి విలువ ఇక్కడి ఇల్లాలికి బాగా తెలుసు. కానీ ఆ పిల్లవాడు అప్పు తీర్చాడు, ఇల్లు కట్టాడు, చెల్లెలి పెళ్లి చేశాడు. పదిహేనేళ్లు అందరి కోసం పనిచేసినవాడు తన ఒంటి కోసం, తన సంతోషం కోసం ఒక వస్తువు కొనుక్కుంటానంటే వద్దనే నోరు నాకు రాలేదు. కొననీ, కాకపోతే లెక్క తప్పకుండా కొననీ అనుకున్నాను. మూడు నెలలు మేమిద్దరం ఆ లెక్కే చేశాం. ఖరీదైన సైకిల్ కొనాలనుకునే మీ ఇంటి పిల్లలకు పనికొస్తుందని ఆ లెక్క ఇవాళ మీతో చెప్పుకుంటున్నాను.

ముందు రోడ్ సైకిల్ అంటే ఏమిటో చెబుతాను. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు సన్నం. క్యారియర్ ఉండదు, స్టాండ్ ఉండదు, మడ్‌గార్డు కూడా సాధారణంగా ఉండదు. తారు రోడ్డు మీద తక్కువ బలంతో ఎక్కువ దూరం పోవడానికే దాన్ని తయారు చేస్తారు. మన పాత అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్లు ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉండేవి. మంచి రోడ్ సైకిల్ ఏడెనిమిది కిలోలు ఉంటుంది, ఒక్క చేత్తో లేపి భుజాన వేసుకోవచ్చు. వీటిలో పది లక్షలు దాటేవి కూడా ఉన్నాయి.

మావాడు దుబాయిలో ఫోర్‌మన్ అయ్యాక సెలవు రోజుల్లో అల్ ఖుద్రా అనే చోటికి పోయి అద్దె సైకిల్ తొక్కేవాడట. అక్కడ ఇసుక ఎడారి నడుమ సైకిళ్ల కోసమే వేసిన తారు బాట ఉంది, 80 కిలోమీటర్లకు పైగా పొడవు. దాని మీదికి లారీ రాదు, గుంత కనబడదు. ఆ బాట మీద పందెపు సైకిళ్లు దూసుకుపోతుంటే చూసి, అట్లాంటిదే కావాలని మనసులో ముద్ర వేసుకున్నాడు. మనకూ అట్లాంటి బాట ఒకటి ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. కానీ మావాడు సైకిల్ తొక్కబోయేది అక్కడ కాదు, మాచారెడ్డిలో. దుబాయి బాట చూసి కన్న కలను మాచారెడ్డి రోడ్డు మీద కొలిచి చూడాలి, మాకు తేలిన మొదటి సంగతి ఇదే.

అంతకన్నా ముందు కొలవాల్సింది మనిషిని. సిరిసిల్ల మగ్గాల మీద ఎంత మంచి గుడ్డ నేసినా, దర్జీ కొలత తప్పితే అంగీ చంక దగ్గర పట్టేస్తుంది. సైకిల్ కూడా అంతే. ఐదు లక్షల సైకిల్ రెండు సెంటీమీటర్లు పెద్దదైతే నెల తిరిగేలోగా నడుము నొప్పి, మెడ నొప్పి, అరచేతుల తిమ్మిరి మొదలవుతాయి. ఆ తర్వాత అది గోడకు ఆనించిన అలంకారమే.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పులు విప్పి గోడకు వీపు ఆనించి నిలబడండి. ఒక అట్టపుస్తకం నిలువుగా కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత గీసి, నేల నుంచి ఆ గీత దాకా టేపు పట్టండి. ఆ కొలతను 0.883తో గుణించండి. వచ్చే అంకె, రెండు పెడళ్ల కాడలూ తిరిగే ఇరుసు నడిబొడ్డు నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే సీటు ఎత్తు 70.6 సెంటీమీటర్లు. ఇది మొదలుపెట్టడానికి మంచి అంకె. తర్వాత ఒంటిని బట్టి అటో ఇటో కొద్దిగా జరపాలి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. 25 నుంచి 35 డిగ్రీల వంపు మంచిదంటారు.

సీటును పైకీ కిందికీ జరపవచ్చు కానీ ఫ్రేమును సాగదీయలేం. అందుకని ఫ్రేము కాగితంలో రెండు అంకెలు చూడాలి, స్టాక్, రీచ్. పెడళ్ల కాడలు తిరిగే ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైకొస దాకా నిలువు ఎత్తు స్టాక్. అక్కడి నుంచే ముందుకు ఉండే అడ్డం దూరం రీచ్. స్టాక్ తక్కువ, రీచ్ ఎక్కువ ఉన్న సైకిల్ మీద మనిషి విల్లులా వంగాలి. పందెపు సైకిళ్లు ఇట్లా ఉంటాయి. స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉంటే కొంత నిటారుగా కూర్చుంటాం. దూర ప్రయాణాల సైకిళ్లు ఇట్లా ఉంటాయి, వీటిని ఎండ్యూరెన్స్ సైకిళ్లంటారు. ఒకే కంపెనీ రెండు రకాలూ చేస్తుంది. స్పెషలైజ్డ్ వాళ్లకు పందెం కోసం టార్మాక్, దూరం కోసం రూబే ఉన్నాయి. జెయింట్ వాళ్లకు టీసీఆర్, డిఫై ఉన్నాయి. నలభై దాటి, పదిహేనేళ్లు ఇనుము మోసిన నడుముకు ఏది పడుతుందో ఆలోచించుకోవాలి. మావాడు షాపులో రెండింటి మీదా అరగంట చొప్పున కూర్చున్నాడు. పందెపు సైకిల్ మీద నుంచి దిగి నడుము పట్టుకున్నాడు, ఇక నేను చెప్పాల్సింది లేకపోయింది.

గాలి లెక్క తెలిసినవారు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. వంగితే కదా వేగం వచ్చేది అని. నిజమే. చదును రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ మన బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి కోసం పెట్టే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. అయితే ఆ గాలిని ఎక్కువగా అడ్డుకునేది సైకిల్ కాదు, దాని మీద కూర్చున్న మనిషి. రెండు గంటలపాటు హాయిగా నిలబెట్టుకోగలిగిన వంపే మనకు పనికొచ్చే వంపు. పది నిమిషాలకే లేచి కూర్చునేటట్టయితే ఎంత సన్నటి ఫ్రేము కొన్నా ఆ డబ్బు గాలికి పోయినట్టే.

ఇక మన రోడ్ల సంగతి. వానాకాలం పంట కోతల వేళ మా రోడ్డు సగం వడ్ల కళ్లం అవుతుంది. మక్కలు కూడా అక్కడే ఆరబోస్తారు. ఊరు వచ్చిందంటే స్పీడు బ్రేకరు. దాని మీద తెల్లగీత ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రోడ్డు అంచున తుమ్మముల్లు, పల్లేరుకాయ. చదువుకునే రోజుల్లో పల్లేరుకాయ మన అరికాలికి శత్రువు. ఇప్పుడు టైరుకు శత్రువు.

అందువల్ల ఫ్రేము కన్నా ముందు టైరు గురించి ఆలోచించమంటాను. సన్నటి టైరే వేగమని చాలా ఏళ్లు లోకమంతా నమ్మింది. పందెగాళ్లు 23 మిల్లీమీటర్ల టైర్లలో 100 పౌండ్లకు పైగా గాలి కొట్టుకునేవారు. తర్వాత పరీక్షలు చేసి చూస్తే గరుకు రోడ్డు మీద గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ శక్తిని పోగొడుతుందని తేలింది. కొంచెం వెడల్పు టైరు, కొంచెం తక్కువ గాలి ఉంటే టైరు రాయిని మింగుతూ పోతుంది. అట్లా 23 పోయి 25 వచ్చింది, 25 పోయి 28 వచ్చింది. ఫ్రాన్సులో 1896లో మొదలైన పారిస్–రూబే పందెంలో 50 కిలోమీటర్లకు పైగా రాళ్లు పరిచిన బాట ఉంటుంది. అక్కడ జగజ్జెట్టీలే 30, 32 మిల్లీమీటర్ల టైర్లు వేసుకుంటున్నారు. మన ఊరి రోడ్డుకు 32 వేసుకోవడం చిన్నతనమేమీ కాదు. డెబ్బై కిలోల మనిషికి 60 పౌండ్ల దగ్గర గాలి చాలు. కొనేటప్పుడు ఆ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. 32కు చోటు లేని ఫ్రేము ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

ట్యూబు లేని టైర్లు కూడా ఉన్నాయి. లోపల పాలలాంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగిన చోట ఆ ద్రవం గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది. పల్లేరుకాయల దేశానికి ఇది వరమే. కాకపోతే మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. మళ్లీ పోసుకునే ఓపిక ఉన్నవారికే అది మేలు.

గేర్ల విషయానికి వస్తాను. గేర్లు, బ్రేకులు, చైను అన్నీ కలిపి గ్రూప్‌సెట్ అంటారు. దీన్ని చేసే పెద్ద కంపెనీలు మూడు. జపాన్ షిమానో 1921లో పుట్టింది. ఇటలీ కంపాగ్నోలో 1933లో పుట్టింది. మూడోది అమెరికా స్రామ్. మన దగ్గర విడిభాగాలు ఎక్కువగా దొరికేది షిమానోకు. అందులో 105, అల్టెగ్రా, డ్యూరా-ఏస్ అని మెట్లున్నాయి. మెట్టు ఎక్కేకొద్దీ బరువు కొంత తగ్గుతుంది, ధర చాలా పెరుగుతుంది. గేరు మారడంలో తేడా మాత్రం చాలా కొద్ది. 2022లో 105కు కూడా బ్యాటరీతో గేర్లు మారే పద్ధతి వచ్చింది. వేలితో మీట నొక్కితే చాలు, తీగ లాగే పని లేదు. ఒకసారి చార్జి చేస్తే వందల కిలోమీటర్లు వస్తుంది. ఆ సౌకర్యం ముచ్చటైనదే. తీగతో మారే గేరులో ఇంకో సుఖం ఉంది, తీగ తెగితే దాన్ని ఏ పట్నంలోనైనా మార్పించుకోవచ్చు.

పళ్ల లెక్క మాత్రం తప్పకుండా చూసుకోవాలి. ముందు 50, 34 పళ్ల చక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ల దాకా ఉన్నవి తీసుకోండి. అన్నిటికన్నా తేలిక గేరులో ముందు 34, వెనక 34. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, సైకిల్ సుమారు 2.1 మీటర్లు పోతుంది. అన్నిటికన్నా బరువు గేరులో 50ని 11తో భాగించండి, నాలుగున్నర చుట్లు. పెడల్ ఒక్కసారి తిప్పితే దాదాపు 9.7 మీటర్లు. ఎదురుగాలిలో నిజాంసాగర్ నుంచి తిరిగొచ్చే సాయంత్రం ఆ తేలిక గేరు విలువ మోకాళ్లకు తెలుస్తుంది.

ఫ్రేము గురించి అందరూ మొదట అడుగుతారు. నేను చివరికి ఉంచాను. స్టీలు, అల్యూమినియం, టైటానియం, కార్బన్, నాలుగు రకాలు. ఐదు లక్షలు చేతిలో ఉంటే కార్బన్ వస్తుంది. తేలిక, అదురును కొంత పీల్చుకుంటుంది. ఇక బరువు మీద మోజు ఎంతవరకో లెక్క చెబుతాను. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 80 కిలోలనుకోండి. ఒక కిలో తగ్గించడానికి లక్షన్నర, రెండు లక్షలు ఎక్కువ పెట్టాలి. గంటసేపు ఎక్కే ఘాట్ రోడ్డులో ఆ కిలో వల్ల కలిసొచ్చేది గంటలో ఎనభయ్యో వంతు, అంటే 45 సెకన్లు. చదును నేల మీద అదీ ఉండదు. మాచారెడ్డి చుట్టుపక్కల గంటసేపు ఎక్కే ఘాట్ ఎక్కడుంది? అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పందెగాళ్లకు కూడా 6.8 కిలోలకు తగ్గకూడదని 2000 నుంచి నియమం పెట్టింది. మనకు ఎనిమిది కిలోలు చాలు.

కార్బన్‌కు కొన్ని జాగ్రత్తలున్నాయి. బోల్టులు చేతి వాటంగా బిగించకూడదు. ఎంత బలంతో బిగించాలో ఫ్రేము మీదే రాసి ఉంటుంది. దానికి కొలత చూపే రెంచి వాడాలి. గట్టిగా కింద పడితే పైకి కనబడని పగులు లోపల ఉండవచ్చు, తెలిసినవారికి చూపించకుండా మళ్లీ ఎక్కకూడదు. పేరున్న కంపెనీల స్టిక్కర్లతో నకిలీ ఫ్రేములు కూడా తిరుగుతున్నాయి. అధీకృత డీలరు దగ్గర, ఫ్రేము నంబరు రాసిన బిల్లుతోనే కొనండి. చాలా పెద్ద కంపెనీలు ఫ్రేముకు జీవితకాలపు వారంటీ ఇస్తాయి. అది మొదట కొన్నవారికే, చేతులు మారితే సాధారణంగా వర్తించదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు వచ్చినా ఆలోచించి అడుగేయాలి. పన్ను సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెబితే బిల్లు అడిగి చూసుకోండి.

బ్రేకుల్లో డిస్కు బ్రేకే తీసుకోండి. వానలో నమ్మకంగా ఆగుతుంది. గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ నమ్మకమే ప్రాణం.

ఇప్పుడు ఐదు లక్షలను మేం ఎట్లా పంచుకున్నామో చెబుతాను. సైకిల్‌కు మూడున్నర లక్షలు. ఒంటికి తగ్గట్టు సీటు, హ్యాండిల్ సర్దించే బైక్ ఫిట్‌కు 15 వేలు. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, బూట్లు, చేతి తొడుగులకు 40 వేలు. అదనపు టైర్లు, చైను, పంపు, పనిముట్లకు 35 వేలు. మిగిలిన 60 వేలు మూడేళ్ల సర్వీసుకు బ్యాంకులో. చైను అర శాతం సాగగానే మార్చాలి. అప్పుడు మార్చకపోతే అది వెనక పళ్లచక్రాలను కొరికేస్తుంది, రెండు మూడు వేలతో పోయేది పది వేలు దాటుతుంది. కామారెడ్డి నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్ల పైమాట. ఏడాదికి రెండుసార్లు సర్వీసుకు అక్కడికి తీసుకుపోయే ఖర్చు కూడా సైకిల్ ధరలో భాగమే. మొత్తం సొమ్ము సైకిల్‌కే పోసినవారు మొదటి మరమ్మత్తు దగ్గరే ఆగిపోతారు.

ఇంకో చిన్న వస్తువు మరిచిపోకండి. రోడ్ సైకిల్ ట్యూబుకు ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. మన పంక్చర్ షాపులో కంప్రెసర్ గొట్టం మోటర్ సైకిల్ వాల్వుకు పడుతుంది, దీనికి పట్టదు. మధ్యలో బిగించడానికి గోరంత ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది. వంద రూపాయల లోపే. అది జేబులో లేకపోతే లక్షల సైకిల్‌ను పక్కన నడిపించుకుంటూ ఇంటికి రావలసిందే. మా ఊరి పంక్చర్ షాపాయనకు మావాడు ముందే ఒకటి ఇచ్చిపెట్టాడు. ఆయన దాన్ని తన డబ్బాలో భద్రంగా దాచుకుని, "ఎప్పుడొచ్చినా ఎక్కిస్త" అన్నాడు. హైదరాబాద్ డీలరు ఎంత దూరమున్నా ఇంటి దగ్గర ఇట్లాంటి మనిషి ఒకరు ఉండాలి.

సైకిల్ వచ్చాక ఎటు పోవాలి? లారీలు పరుగెత్తే 44వ నంబరు జాతీయ రహదారి వద్దు. దోమకొండ గడికోట ఉంది, లింగంపేట నాగన్నబావి ఉంది. ఎల్లారెడ్డి మీదుగా పోతే 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్ట ఉంది. అలవాటయ్యాక రాండనీరింగ్ అనే దూర ప్రయాణాలున్నాయి. అందులో పోటీ లేదు, గడువు మాత్రం ఉంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు. గంటకు పదిహేను కిలోమీటర్ల చొప్పున ఆగకుండా పోయినా సరిపోతుంది. హైదరాబాద్‌లో ఏటా జరుగుతుంటాయి. మావాడికి ఆ కోరిక ఉంది.

చివరగా ఒక మాట. మా అన్నది పాత అట్లాస్ సైకిల్. మావాడు పదేళ్ల వయసులో సీటు అందక, బారు కింది నుంచి కాలు దూర్చి దాన్ని తొక్కేవాడు. ఒకసారి చెరువుకట్ట మీద పడి మోకాలు చీల్చుకున్నాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తన కొలతకు సైకిల్ అనేది వాడికి అప్పుడు దొరకలేదు, కొనిచ్చే స్తోమత మా అన్నకు లేదు.

గోడకు నిలబెట్టి కాలి కొలత తీసిన రోజున పుస్తకం పట్టుకున్నది మా అన్నే. నలభై రెండేళ్ల కొడుకు గోడకు ఆనుకుని బడిపిల్లాడిలా నిలబడితే, డెబ్బై దాటిన తండ్రి వంగి, పలక పెన్సిలుతో గీత గీశాడు. నేను టేపు పట్టాను. సరిగ్గా 80 సెంటీమీటర్లు. ఆ గీతను వదిన తుడవనివ్వలేదు, ఇంకా గోడ మీద ఉంది.

సైకిల్ వచ్చిన మరునాడు తెల్లవారుజామున మావాడు సిరిసిల్ల రోడ్డు మీద పోయి, ఎండ ఎక్కేలోగా తిరిగొచ్చాడు. ఎంత వేగంగా పోయావని గాని, ఎంత దూరం పోయావని గాని మా అన్న అడగలేదు. వాకిట్లో నిలబడి, "కాలు అందిందా కొడుకా?" అన్నాడు.

"అందింది బాపూ" అన్నాడు వాడు.